నిండుగా తిరిగొచ్చిన సీసా

మా అవ్వ చేపలు అమ్ముతుంది. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, కాసిమేడు పోయి, సరుకు ఎత్తుకుని తొమ్మిదిలోపల ఎన్నూరు వచ్చేస్తుంది. బస్టాండుకి కొంచెం ఇవతల, రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. ముందర అల్యూమినియం బేసిన్లో నెత్తళ్ళు, కానాగంతలు, ఎప్పుడైనా వంజరం. చేపల మీద ఐసుగడ్డలు ఉంటాయి. అవ్వ మీద ఎండ ఉంటుంది. సరుకు అమ్ముడుపోయేదాకా, అంటే మధ్యాహ్నం రెండు, ఒక్కోరోజు మూడు దాకా అక్కడే.

మన ఎన్నూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. టీవీలో వేలూరుకి, తిరుత్తణికి పెద్ద నంబర్లు చెప్తారు, మనకి కొంచెం తక్కువే చూపిస్తారు. కానీ మనది సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుందని సైన్స్ పాఠంలో చదువుకున్నాం కదా. ఇక్కడ చెమట కారుతుంది కానీ ఆరదు. ఆ చెమటతో నీళ్ళూ పోతాయి, ఉప్పూ పోతుంది. తమిళంలో ఈ రోజుల్ని కత్తిరి అంటారు. మా అవ్వ రోహిణీ కార్తె అంటుంది, రోళ్ళు పగిలే ఎండ అంటుంది. పేరు ఏదైనా రోడ్డు మీద కూర్చునేవాళ్ళకి అంతా ఒకటే.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. అంటే తుఫాను లాగే ఎండ కూడా ప్రాణాలు తీస్తుందని అర్థం. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. 2025 ఏప్రిల్ చివర్లో ఆ రోజు నాకు ఇవేమీ తెలియవు.

ఆ రోజు అవ్వ ఇంటికి వచ్చి లోపలికి రాకుండా గడపలోనే కూర్చుండిపోయింది. "తల తిరుగుతా ఉందే, కాళ్ళు పీకతా ఉండాయి" అంది. నోరు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు. అమ్మా నాయనా ఇద్దరూ పనికి పోయారు. ఇంట్లో నేను, మా తమ్ముడు. నేను పరిగెత్తి మందుల షాపులో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కొనుక్కొచ్చాను. గ్లాసులో నీళ్ళు పోసి, ప్యాకెట్ మొత్తం వేసి, చెంచాతో గిరగిరా తిప్పి అవ్వకి ఇచ్చాను. అంతకుముందు తమ్ముడికి విరేచనాలు అయినప్పుడు పక్కింటి అత్త ఇలాగే ఒక గ్లాసుకి ఒక ప్యాకెట్ కలిపింది. నేను చూశాను. అందుకే నాకు తెలుసు అనుకున్నాను.

అవ్వ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇంత ఉప్పగా ఉందేంటే?" అంది. "మందు అంటే అలాగే ఉంటుంది, తాగు అవ్వా" అని నేనే బలవంతం చేశాను. అవ్వ నా మాట కాదనలేక మొత్తం తాగింది. పది నిమిషాల్లో వాంతి. తర్వాత ఇంకోసారి. దాహం ఇంకా ఎక్కువైంది. నాయన వచ్చి ఆటోలో హాస్పిటల్‌కి తీసుకుపోయాడు. సెలైన్ ఎక్కించారు.

అక్కడ నర్సు ఏం తాగించారని అడిగితే నేను జేబులోంచి ఖాళీ ప్యాకెట్ తీసి చూపించాను. ఆమె కోప్పడలేదు. కవర్ని తిప్పి, మూలన ఉన్న చిన్న అక్షరాలు చూపించింది. "ఇది 21 గ్రాముల ప్యాకెట్ పాపా. ఒక లీటరు నీళ్ళకి. నువ్వు గ్లాసులో కలిపావు. ఐదు రెట్లు చిక్కగా అయింది" అని చెప్పింది. తమ్ముడికి అత్త కలిపింది నాలుగు గ్రాముల చిన్న ప్యాకెట్. అది 200 మిల్లీలీటర్లకి, అంటే ఒక గ్లాసుకే. రెండింటి మీదా పేరు ఒకటే, లోపల పొడి ఒకటే. నీళ్ళ కొలత మాత్రం వేరు. నేను పేరు చదివాను, కొలత చదవలేదు.

అవ్వ రెండో రోజుకి ఇంటికి వచ్చేసింది. "పిల్ల ప్రేమగా ఇచ్చింది, నేను తాగినా, ఏమైందిప్పుడు" అని అందరితో నన్ను వెనకేసుకొచ్చింది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్‌లో స్కూలు తెరవగానే మా సైన్స్ మిస్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. "ఇంత చిన్న పొడికి ఇంత తేడా ఎందుకు మిస్?" అని అడిగాను. మిస్ బోర్డు మీద చిన్నపేగు బొమ్మ గీసి చెప్పింది. పేగు గోడలో గ్లూకోజు లోపలికి వెళ్ళే దారి ఒకటి ఉంది. అది ఉప్పులోని సోడియాన్ని కూడా తోడు తీసుకుని వెళ్తుంది. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెనకే నీళ్ళు కూడా పోతాయి. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. అందుకే ఉత్త నీళ్ళకన్నా కొలత ప్రకారం ఉప్పు, చక్కెర కలిసిన నీళ్ళు త్వరగా ఒంటికి పడతాయి. కానీ ఉప్పో చక్కెరో ఎక్కువైతే అంతా తలకిందులు. పేగు నీటిని పీల్చుకోవాల్సింది పోయి, ఒంట్లోని నీరే పేగులోకి వచ్చేస్తుంది. విరేచనాలు అయ్యేవాళ్ళకి కూల్‌డ్రింకు పట్టించకూడదు అనేది కూడా ఇందుకే.

మిస్ ఇంకో కథ చెప్పింది. అది నాకు బాగా నచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు లక్షలమంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. బనగావ్ దగ్గర శిబిరాల్లో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేయించి, పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్ళతో కలిపించాడు. లీటరుకి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా. పక్కనున్న బంధువులే గ్లాసులతో ముంచి రోగులకి తాగించారు. అంతకుముందు 100 మందిలో 30 మంది దాకా చనిపోతుంటే, ఆయన శిబిరంలో అది నలుగురి లోపలికి తగ్గింది. ఆయన 2022లో చనిపోయాడు. తర్వాత 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

యుద్ధం అయ్యాక బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి ఇల్లిల్లూ తిరిగి తల్లులకి ఇది నేర్పింది. ప్యాకెట్లు లేవు కాబట్టి మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. నేర్పడానికి పోయిన కార్యకర్తలకి ఎన్ని ఇళ్ళు తిరిగారని చూసి జీతం ఇవ్వలేదట. కొన్నాళ్ళ తర్వాత వేరేవాళ్ళు పోయి, ఆ తల్లికి ఎంత గుర్తుంది, సరిగ్గా కలపగలుగుతోందా అని చూసి, దాన్నిబట్టి డబ్బు ఇచ్చారట. ఇది విన్నప్పుడు నాకు పక్కింటి అత్త, నేను, గ్లాసు గుర్తొచ్చాం. మాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో మార్చిన కొలత ఇప్పుడు అందరూ వాడుతున్నారు. లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ ప్యాకెట్ ఉచితంగా ఇస్తారు. ప్యాకెట్ దొరికితే అదే మంచిది, ఎందుకంటే ఇంట్లో కలిపేదాంట్లో పొటాషియం ఉండదు. దొరకనప్పుడు ఇంట్లో చేసుకునే కొలత ఇది: ఒక లీటరు తాగే నీళ్ళు, 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచాలో కుప్పగా పోయకూడదు, గీకి సమం చేయాలి.

ఇక్కడే మళ్ళీ చిక్కొచ్చింది. మిస్ మమ్మల్ని ఇంటి నుంచి తలా ఒక చెంచా తెమ్మంది. ల్యాబ్ త్రాసులో తూకం వేశాం. ఏ రెండు చెంచాలూ ఒకేలా లేవు. ఒకదాంట్లో అర చెంచా ఉప్పు 2 గ్రాములు కూడా రాలేదు, ఇంకోదాంట్లో 4 దాటింది. కల్లుప్పు వేస్తే మరో లెక్క, రాళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది కదా. "మరి మన ఇళ్ళల్లో ఎలా మిస్? త్రాసు కొనాలా?" అని అందరం నవ్వాం.

నా పక్కన కూర్చునే అమ్మాయి చెప్పింది, దగ్గు మందు సీసా మూతకి గీతలు ఉంటాయి కదా అని. నిజమే! ఆ ప్లాస్టిక్ మూత మీద 2.5, 5, 10 అని గీతలు ఉంటాయి. తెచ్చి త్రాసులో చూశాం. 2.5 గీత దాకా సన్న ఉప్పు పోస్తే సుమారు 3 గ్రాములు వచ్చింది. 10 గీత దాకా మూడుసార్లు పంచదార పోస్తే సుమారు 25 గ్రాములు. సరిగ్గా మనకి కావలసింది అంతే. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇలాంటి మూత ఒకటి అటక మీదో అలమారలోనో ఉంటుంది. బాగా కడిగి ఆరబెట్టి ఉప్పుడబ్బా పక్కన పెట్టుకుంటే చాలు.

ఖర్చు కూడా లెక్క కట్టాం. కిలో పంచదార 45 రూపాయలు అనుకుంటే 25 గ్రాములకి రూపాయి పన్నెండు పైసలు. ఉప్పుకి పది పైసలు కూడా కాదు. మా వీధిలో 20 లీటర్ల క్యాను 35 రూపాయలు, అంటే లీటరుకి రూపాయి డెబ్బైఐదు పైసలు. మొత్తం కలిపి 3 రూపాయల లోపే. క్యాను నీళ్ళు ఎందుకు లెక్క వేశామంటే, మన దగ్గర చాలా బోర్లలో నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళలో మళ్ళీ ఉప్పు వేస్తే నేను అవ్వకి చేసిన పనే మళ్ళీ చేసినట్టు. క్యాను లేకపోతే మెట్రో వాటర్ కాచి చల్లార్చి కలపొచ్చు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ఇంకో సంగతి. షాపుల్లో ఓ.ఆర్.ఎస్. అనే పేరుతో తియ్యటి డ్రింకులు డబ్బాల్లో అమ్మేవాళ్ళు. అవి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం ఉండేవి కావు, చక్కెర ఎక్కువ. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఎన్నో ఏళ్ళు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., ఆ కొలత లేని డ్రింకుల మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు వేయకూడదని ఆర్డరు ఇచ్చింది. మన తెలుగు డాక్టరమ్మ గెలిచింది అని క్లాసులో చప్పట్లు కొట్టాం. అయినా కొనేటప్పుడు కవరు వెనక వైపు చదవడం మన పనే.

ఇంత తెలుసుకున్నాక నేను ఊరుకుంటానా! అవ్వకి బి.పి., షుగరు, కిడ్నీ జబ్బు లేవని డాక్టరు చూసి చెప్పాక, జూన్‌లో బాగా ఎండగా ఉన్న ఒక రోజు పొద్దున్నే లీటరు సీసాలో మూత కొలతతో కలిపాను. జూన్ అయినా మనకి ఎండ తగ్గదు, మన వానలు అక్టోబరుకి కదా. అవ్వకి రుచి చూపించాను. రుచికి ఒక గుర్తు ఉంది: కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదు. అవ్వ నాలిక మీద వేసుకుని, "ఆ, ఇది బాగుంది. పోయినసారిది సముద్రం" అంది. సీసాని తడిగుడ్డతో చుట్టి బుట్టలో పెట్టాను.

సాయంత్రం బుట్ట దించి చూస్తే సీసా నిండుగా అలాగే ఉంది. మరుసటి రోజు మజ్జిగ కలిపి ఇచ్చాను. అదీ నిండుగానే తిరిగొచ్చింది. మూడో రోజు నాకు కోపం వచ్చింది. "నీ కోసం పొద్దున్నే లేచి చేస్తా ఉన్నా. రుచి బాగుందన్నావు కదా, ఎందుకు తాగలేదు?" అని అరిచాను.

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, తమ్ముడు వినకుండా చెప్పింది. "తాగితే పోవాలి కదే. ఎక్కడికి పోయేది? మగోళ్ళు గోడ పక్కన నిలబడతారు. మేము ఎక్కడ కూర్చుంటాం? తెల్లారి ఇంట్లో పోతే మళ్ళీ ఇంటికి వచ్చాకే. అందుకే పొద్దున్నుంచీ నోరు తడుపుకోవడమే కానీ తాగేది లేదు. నేనే కాదు, పక్కన కూర్చునే వాళ్ళందరూ అంతే."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఏప్రిల్‌లో అవ్వ ఎందుకు పడిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు ఎండ ఒక్కటే కారణం కాదు. పది గంటలు నీళ్ళు తాగకుండా ఎండలో కూర్చోవడం కారణం. నేను పేగు, సోడియం, గ్రాములు అన్నీ నేర్చుకున్నాను. అవ్వని మాత్రం ఒక్క మాట అడగలేదు.

మరుసటి శనివారం నేను అవ్వతో పోయి కూర్చున్నాను. చుట్టూ చూశాను. అవ్వ కూర్చునే చోటికి ఎదురుగా ఒక టైలరు అక్క షాపు ఉంది, వెనకాల బాత్‌రూము ఉంది. అవ్వ ఎన్నో ఏళ్ళుగా అక్కడే కూర్చుంటుంది కానీ ఒక్కరోజూ అడగలేదు. "చేపల చేతులతో పోతే ఏమనుకుంటుందో" అని సిగ్గు. నేను పోయి అడిగాను. ఆ అక్క కొంచెం ఆలోచించి, "అవ్వని రమ్మను. కానీ నీళ్ళు పోసి రావాలి" అంది. నేనే ఒక బక్కెట్టు, సబ్బు, మగ్గు కొని పెట్టాను. ఆదివారం ఆదివారం అవ్వ ఆ అక్కకి గుప్పెడు నెత్తళ్ళు ఎక్కువ వేస్తుంది. ఇప్పుడు అవ్వతో పాటు పక్కన కూర్చునే ఇంకో ఆయా కూడా అక్కడికే పోతుంది. మిగతావాళ్ళకి ఇంకా దారి లేదు. ఆడవాళ్ళకి అక్కడ ఒక మరుగుదొడ్డి కావాలని మా క్లాసు తరఫున ఒక ఉత్తరం రాస్తున్నాం. సైన్స్ మిస్ తప్పులు దిద్దుతోంది.

జులై 29న ఓ.ఆర్.ఎస్. దినం. ఆ రోజు ప్రేయరులో నన్ను మాట్లాడమన్నారు. అక్కడ చెప్పిందే ఈ పత్రిక చదివే అమ్మానాన్నలకి కూడా చెప్తున్నాను. మామూలు రోజుల్లో నీళ్ళు, మజ్జిగ, ఉప్పు వేసిన గంజి, చద్దన్నం నీళ్ళు చాలు. బాగా చెమట పట్టి నీరసించినప్పుడు, వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఓ.ఆర్.ఎస్. కలపండి. కలిపే ముందు ప్యాకెట్ ఎంత నీళ్ళకో చదవండి. చదవడం రాని పెద్దవాళ్ళకి మీ పిల్లల చేత చదివించండి. ఒకేసారి గటగటా కాదు, కొంచెం కొంచెంగా తాగించండి. బి.పి., షుగరు, గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి తాగాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో ఏదీ పోయకండి. నీడకి తీసుకుపోయి, తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

చివరగా ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా రోడ్డు మీద కూర్చుని అమ్మేవాళ్ళు, లారీ తోలేవాళ్ళు, వీధులు ఊడ్చేవాళ్ళు ఉంటే, సీసా నింపి ఇవ్వడంతో ఆగకండి. సాయంత్రం ఆ సీసాలో ఎంత మిగిలిందో చూడండి. మిగిలితే కోప్పడకుండా ఎందుకో అడగండి. నేను కోప్పడి అడిగాను, అది నా రెండో తప్పు.

నిన్న సాయంత్రం అవ్వ బుట్ట దించితే సీసా ఖాళీగా ఉంది. అడుగున రెండు చుక్కలు మిగిలాయి. "రేపటికి మజ్జిగే పెట్టవే, అల్లం కొంచెం దంచి వెయ్యి" అంది.

— పదవ తరగతి విద్యార్థిని